గన్నేరు పిడి

ప్రియమైన పిడుగుకు,

మామయ్య ఆశీస్సులు. మోకాలి ఆపరేషన్ అయింది. డాక్టరు నడవమంటాడు, మీ అమ్మ కదలొద్దంటుంది. అక్కయ్య మాటా, డాక్టరు మాటా పోకూడదని మంచం చుట్టూనే తిరుగుతున్నాను. ఫోన్ మాత్రం చెయ్యకు. నువ్వు అరిచింది నాకు వినబడదు గానీ కింది వాటాలో వాళ్ళకి వినబడుతుంది.

కొట్టు నీకప్పజెప్పాను, జాగ్రత్త. కత్తికి పిడి కావాలని ఎవరొచ్చినా ముందు తడిమట్టి ముద్ద చేతికిచ్చి పిసకమను. ఆ ముద్ద చెప్పిందే కొలత. మనిషిని అడక్కు. మనుషులు తమ చేతుల గురించి కూడా అబద్ధాలు చెప్తారు.

ఇంకొకటి, బయల్దేరే హడావిడిలో చెప్పడం మరిచాను. అటక మీద పాత దుప్పటిలో చుట్టిన నల్ల పలక ఉంది. అది గన్నేరు. నిలువెల్లా విషం. కొయ్యకు, చిత్రిక పట్టకు. పొయ్యిలోనూ పెట్టకు, దాని పొగ కూడా విషమే. అసలా దుప్పటే విప్పకు.

మందుల వాసనలోంచి,
మీ మామయ్య


ప్రియాతిప్రియమైన మామయ్యకు,

నీ ఉత్తరం ఇవాళ అందింది. నాలుగు రోజుల ముందు అందాల్సింది. దుప్పటి విప్పాను మామయ్యా.

వరసగా చెప్తాను. అక్షరాలు వరసగా లేకపోతే క్షమించు. పిల్లల హాస్టల్లో వంట చేసే ఆవిడ వచ్చింది. రోజూ నూటయాభై మందికి కూరలు తరుగుతుందట. బొటనవేలి కణుపు వాచిపోయి ఉంది.

"ఏ పిడి పట్టుకున్నా సూదులు గుచ్చినట్టుంటోందమ్మాయ్. మీ మామ లేడా?" అంది.

"ఆయన ఉంటే ఏం చేస్తాడో అదే నేనూ చేస్తానండీ," అన్నాను. అదీ నా పొగరు.

మట్టిముద్ద పిసికించాను. తగిన చెక్క కోసం అటకెక్కాను. దుప్పటిలో మూడు జానల పలక, పట్టులా నున్నగా. దాని వెనక పెన్సిల్‌తో ఎవరిదో చెయ్యి గీసి ఉంది. సరదాకి వంటావిడ చెయ్యి దాని మీద పెట్టించాను. అచ్చు దిగింది! ఇంతకంటే శకునమేం కావాలని ఆ గీత ఉన్న చోటే కోసి, చెక్కి, గరుకు కాగితం పట్టి, నూనె రాసి, బ్లేడుకి బిగించి ఇచ్చాను. ఆవిడ గాల్లో నాలుగు ఉల్లిపాయలు తరిగి చూసుకుని, "దీనికి నా చెయ్యి ముందే తెలుసునే!" అంది. నా వృత్తి జీవితంలో మొదటి పొగడ్త. అదీ విషం మీద.

ఆ పొట్టు నా ముక్కులోకి పోయింది. గోళ్ళు నల్లబడ్డాయి. పాలిష్ కావచ్చు, కాకపోవచ్చు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, నా పట్టా ఆ ఆకుల్లోనే మరి. వృక్షశాస్త్రం! ఆకు చూపిస్తే చెట్టు పేరు చెప్తాను. చెక్క చూపిస్తే 'చెక్క' అని చెప్తాను.

ఆవిడ అరచేతికి చెమట పడుతుంది మామయ్యా. ఆ చేత్తోనే నూటయాభై మందికి వండుతుంది. ఏం చెయ్యను? వెంటనే రాయి.

తడిసిన టపాకాయ,
నీ పిడుగు


ప్రియమైన మామయ్యకు,

నీ జవాబు ఇంకా రాలేదు. ఆగలేక మళ్ళీ రాస్తున్నాను.

మొన్న హాస్టల్‌కి వెళ్ళి, "పిడికి ఇంకో పూత వెయ్యాలండీ, ఓసారి ఇవ్వండి," అన్నాను. ఆవిడ కత్తిని వీపు వెనక దాచుకుంది. "పూతా వద్దు, గీతా వద్దు. ఎన్నేళ్ళకి చెయ్యి నొప్పి లేకుండా పనిచేస్తున్నానో నీకేం తెలుసు?" అంది. నిజం చెబుదామని నోరు తెరిచాను. "పిడి బాగుందా అండీ?" అని వచ్చింది. పిరికితనంలో కూడా పట్టా ఇస్తే నాకది రెండోది.

నిన్న చెప్పి తీరాలని మళ్ళీ వెళ్ళాను. వంటింట్లో వేరెవరో ఉన్నారు.

"ఆవిడకి వాంతులు. చెల్లెలొచ్చి తీసుకెళ్ళింది," అన్నాడు వాచ్‌మన్. "పిల్లలు కూడా ముగ్గురు కడుపునొప్పని పడుకున్నారు."

"కత్తి?"

"అదీ వెంట తీసుకెళ్ళింది. దిండు కింద పెట్టుకుంటుందేమో, అంత ప్రేమ!"

వాడు నవ్వాడు. నేను తిన్నగా వార్డెన్ గదికి వెళ్ళి, ఉన్నదంతా చెప్పేశాను. ఆవిడ నన్ను తిట్టలేదు. డాక్టరుకి, ఆ చెల్లెలికి ఫోన్లు చేస్తూ నా చేతులకేసే చూస్తూ కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది.

మిగిలిన పలక ఇంట్లో ఉంటే ఊపిరాడలేదు. 'విషం, ముట్టుకోవద్దు' అని కాగితం కట్టి మున్సిపాలిటీ చెత్తబండికి ఇచ్చేశాను. ఏం జరిగిందో ఇంకా తెలియదు. గేటు చప్పుడైతే చాలు, నా కోసమే వచ్చారనుకుంటున్నాను.

భయంతో,
నీ పిడుగు


నా పిచ్చి పిడుగూ,

నువ్వు భయపడుతూ రాసిన మొదటి ఉత్తరం ఇప్పుడే అందింది. ముందు ఊపిరి పీల్చుకో. అది గన్నేరు కాదు. జామ.

గన్నేరు పొద. అరచెయ్యి పట్టే పలకొచ్చేంత లావు ఎక్కడ ఎదుగుతుందని పట్టా ఉన్నదానివి ఒక్కసారైనా అడగాలిగా? అడగవు. భయపడ్డవాళ్ళు ప్రశ్నలడగరు. ఆ ధైర్యంతోనే పదకొండేళ్ళుగా అందరికీ ఈ అబద్ధం చెప్పుకొస్తున్నాను. లేకపోతే ఎవరో ఒకరు కోసేవారు, కాదంటే పొయ్యిలో పెట్టేవారు.

ఆ గీసిన చెయ్యి మీ అత్తయ్యది. మేం మొదట అద్దెకున్న ఇంటి వెనక జామచెట్టు గాలికి పడితే పలక తీయించాను. "ఊరందరికీ చేస్తావు, నాకూ ఓ పిడి చెయ్యరాదా?" అంది. దాని మీదే చెయ్యి పెట్టించి గీశాను. వచ్చేవారం చేస్తానన్నాను. ఆ వారం ఎన్నేళ్ళయినా రాలేదు. ఈలోగా ఆవిడే వెళ్ళిపోయింది. పిడులు చేసేవాడి పెళ్ళాం చివరిదాకా వదులు పిడి కత్తితోనే తరిగింది. తర్వాత ఏటా ఆ పలకకి నూనె పట్టించాను. అందుకే అంత నలుపు.

గీత ఉన్న చోటే కోశానని రాశావు. కోపం వచ్చింది. దాచను. తర్వాత నిన్నంత భయపెట్టినందుకు సిగ్గేసింది. మిగిలిన ముక్క దుప్పటిలో చుట్టి ఉంచు. నాకది చాలు.

అబద్ధాలకోరు,
మీ మామయ్య


ప్రియమైన మామయ్యకు,

వంటావిడ క్షేమం. హాస్టల్ ట్యాంకులో నీళ్ళు పాడయ్యాయట. ముగ్గురు పిల్లలూ లేచి ఆడుకుంటున్నారు. వార్డెన్ మాత్రం నేను కనిపిస్తే గేటు వేయిస్తోంది.

ఇప్పుడు నా భయం వేరు. నీ ఉత్తరం, నా రెండో ఉత్తరం దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. ఈపాటికి నువ్వు చదివే ఉంటావు. మిగిలిన ముక్క లేదు మామయ్యా. చెత్త పోసే చోటికి పరుగెత్తాను. నేను కట్టిన కాగితం చూసి, అన్నిటికంటే ముందు దాన్నే తగలబెట్టారట. 'విషం' అని రాయకపోయి ఉంటే ఇంకా అక్కడే ఉండేది.

చెల్లెలింటికి వెళ్ళి వంటావిడకి అంతా చెప్పాను. ఆవిడ కత్తిని కడిగి, తుడిచి నా చేతిలో పెట్టింది. "ఆయన ఇల్లాలి కోసం ఉంచుకున్నది. ఆయనకే ఇచ్చెయ్. నా చేతికి నొప్పి కొత్తా?" అంది. కత్తి నా బల్ల మీద ఉంది. అటు చూడాలంటే భయంగా ఉంది. తిట్టయినా సరే, ఒక మాట రాయి.

పిడుగని రాసుకునే ముఖం లేని
నీ మేనకోడలు


ప్రియమైన పిడుగుకు,

రెండు రోజులు కలం పట్టలేదు. మోకాలి నొప్పి అనుకుంది మీ అమ్మ. అనుకోనిచ్చాను.

కత్తి ఇవాళే ఆవిడకి తిరిగి ఇచ్చెయ్. ఎదురుగా పెట్టుకుని చూడటానికేనా పిడి? పదకొండేళ్ళు చూశాను, చాలు. మీ అత్తయ్య నన్ను ఒక పిడి చెయ్యమంది గానీ ఒక పలక దాచమనలేదు. నేను వచ్చేవారం, వచ్చేవారం అంటూ వదిలేసిన పని నువ్వు చేశావు. ఇంతకీ పిడి గట్టిగా బిగించావా? వదులుగా ఉందో, వచ్చి తంతాను.

కుట్లు తీశారు. ఆదివారం బయల్దేరుతున్నాను. రాగానే నన్నోసారి హాస్టల్ వంటింటికి తీసుకెళ్ళు. వార్డెన్ గేటు వేస్తే నేను బతిమాలతాను. లోపలికి రాను, గుమ్మంలోనే నిలబడి ఆ చెయ్యి తరుగుతుంటే చూస్తాను. ఒక్కటి మాత్రం, ఉల్లిపాయలు తరిగే వేళకే తీసుకెళ్ళు. ఆ వేళ వంటింట్లో ఎవరి కళ్ళు తడిసినా ఎందుకని ఎవరూ అడగరు.

మీ మామయ్య