పెచ్చు కింద పైపు

బావా,

నా రాత వంకరగా ఉంటుంది, అక్షరాలు కూడా తప్పుతాయి, ఏమనుకోకు. నువ్వు చనిపోయి నేటికి ఏడాది. మన కోరుట్ల ఐసు ఫ్యాక్టరీలో నీళ్లు పోసి చల్లబరిచే అమ్మోనియా గ్యాసు పైపులను ఈ వారం విప్పారు. నీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

నీళ్లు కారి కారి వాటి మీద కట్టే తెల్ల పెచ్చు గురించే కదా మన కొట్లాట. "గా పెచ్చు పైపుకు అంగి లెక్క, గీకకు బామ్మర్దీ" అనేవాడివి. "అంగి కాదు బావా, కింద ఇనుమును తుప్పు తింటది" అని నేను అనేవాణ్ణి. చివరికి పైపులు పంచుకున్నాం. నా వైపువి ఏటా గీకాను, నీ వైపువి నువ్వు ముట్టనివ్వలేదు.

నావి గట్టిగా ఉన్నాయి. నీవి పైకి ఇంకా లావుగానే కనిపించాయి గానీ, పెచ్చు రాలగొడితే కింద అన్నీ గుంటలే. వెల్డర్ రాజేశం ఒక గుంటలో మేకు పెడితే లోపలికి దిగిపోయింది.

"ఏందే తాతా, చెదలు తిన్నట్టుంది! గ్యాసు ఉన్నప్పుడు పగిలితే గల్లీ మొత్తం ఉరుకుడే ఉండె" అన్నాడు.

"గీ పక్క ఎవరు చూసిండ్రు?" అని సేటు అడిగాడు.

"ఇద్దరం కలిసే చూసినం" అన్నాను. ఇకనుంచి అన్ని పైపులూ ఏటా గీకాలని కూడా గట్టిగా చెప్పాను. సేటు ఒప్పుకున్నాడు.

వాళ్లతో అట్లా అన్నాను గానీ, మన ఇద్దరిలో గెలిచింది నేనే. నువ్వు ఒప్పుకోవు, ఏదో ఒకటి అంటావు. అదేమిటో వినాలని ఉంది. తొందరగా జవాబు రాయి.

నీ బామ్మర్ది