గౌరీశంకరం బాబాయి రెండు కార్లు

మలికిపురం,
3 నవంబరు 2025

పొద్దుటి పనులు: పాలు కాచడం, పప్పు రుబ్బడం, కొబ్బరి దింపు కూలీలకి టిఫిను పెట్టడం, విదేశీ కార్లు రెండు చూడడం. మూడు పూర్తి, నాలుగోది సగం.

చిరంజీవి వంశీధర్‌కి అక్క భవానీదేవి ఆశీస్సులు.

బాబాయి వీలునామా ప్రకారం కొబ్బరి కొట్టులో ఉన్న కార్లలో ముందు నువ్వొకటి ఎంచుకోవాలి, మిగిలింది నాది. ఫోనులో చెబితే చాలదు, కారు ఫైలుకి సంతకంతో కాగితం ఉండాలన్నావు. అందుకే ఈ ఉత్తరం.

ఎర్రది జాగ్వార్ ఈ-టైప్. ముక్కు ఎంత పొడుగంటే, సీట్లో కూర్చుంటే దాని చివర కనబడలేదు. తెల్లది పోర్షా 911. ముందు మూత తీస్తే ఖాళీ, వెనక మూత తీస్తే ఇంజను! ఎవరో రిపేరుకి విప్పి తిరగేసి బిగించేరు. ట్రాక్టర్ల మెకానిక్ ముత్యాలరాజుని అడిగితే, "ఆయ్, ఆదివారం ముందుకి మార్చేద్దామండీ" అన్నాడు.

నీ అక్క

తా.క.: ముందు ఖాళీలో ఒలిచిన కాయలు నలభై రెండు పట్టేయి.

హైదరాబాదు,
6 నవంబరు

అక్కా, నీకో దణ్ణం, ముత్యాలరాజుకి రెండు!

ఫోను చేసి అతన్ని ఆపేను కాబట్టి సరిపోయింది. ఫైలు కోసం మళ్లీ రాస్తున్నాను: పోర్షాకి ఇంజను వెనకే ఉంటుంది. దుమ్ము కూడా తుడవకు. ముట్టుకోని కారంటే సేకరణదారులు కళ్లకద్దుకుంటారు. నా మనసు పోర్షా మీదకే పోతోంది.

వంశీ

తా.క.: కాయలు తీసెయ్యి.

మలికిపురం,
9 నవంబరు

వంశీ,

దుమ్ము అప్పటికే తుడిచేసేను. పారబొయ్యలేదులే. ఏ కారు దుమ్ము ఆ డబ్బాలో పోసి పేర్లు అంటించేను. కావాలంటే మళ్లీ చల్లుతాను.

ఇంకో సంగతి. పోర్షాకి రేడియేటరు లేదు, ఎవరో ఎత్తుకుపోయేరు. స్టేషనులో కాగితం ఇచ్చి వచ్చేను. యస్సై గారు స్వయంగా వచ్చి, సీట్లో అరగంట కూర్చుని పరిశీలించేరు.

భవాని

తా.క.: ఆయన రేపు ఇంకోసారి పరిశీలిస్తారట. పిల్లల్ని కూడా తెస్తారట.

హైదరాబాదు,
12 నవంబరు

అక్కా, కొంప ముంచేవు!

అది గాలికి చల్లబడే ఇంజను. దానికి రేడియేటరు పుట్టుకతోనే లేదు. వెంటనే వెళ్లి కాగితం వెనక్కి తీసుకో.

నాకు ఏదీ తేలడం లేదు. దేని రేటు పెరుగుతుందో నేను కనుక్కుంటాను. దేన్ని జనం ఎక్కువ చూస్తారో నువ్వు చూసి చెప్పు. పాత కార్ల ప్రదర్శనలో మా క్లబ్బు వాళ్ల నోళ్లు మూయించాలి. నెలాఖరులోగా తేల్చాలి.

వంశీ

తా.క.: నీకు మిగిలినదాన్ని కొనడానికి బెంగుళూరాయన ఉన్నారు. నీ నంబరు ఇచ్చేను.

మలికిపురం,
16 నవంబరు

వంశీ,

రెండిటినీ సెంటర్లో చెరో గంట నిలబెట్టి లెక్క రాసేను. జాగ్వార్: ఆగి చూసినవాళ్లు నూట ఆరుగురు, ఫొటో దిగినవాళ్లు ముప్పై ఏడుగురు, బస్సు ఆపి చూసిన డ్రైవరు ఒకరు. పోర్షా: నలుగురు.

భవాని

తా.క.: ఆ నలుగురిలో ఇద్దరు దారి అడగడానికి ఆగేరు.

హైదరాబాదు,
18 నవంబరు

అక్కా,

జాగ్వార్ నాది. లారీ పంపుతున్నాను.

వంశీ

తా.క.: నలుగురేనా! పాపం, నీకు అది మిగిలింది.

మలికిపురం,
22 నవంబరు

వంశీ,

జాగ్వార్ బయల్దేరింది. బెంగుళూరాయనకి పోర్షా అమ్మనని చెప్పేసేను.

కార్లని సెంటర్‌కి ఎవరు తోలుకెళ్లేరనుకున్నావు? నేనే. లైసెన్సు సెప్టెంబరులోనే వచ్చింది. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. డ్రైవింగు స్కూలు కుమారి గారు పక్కన కూర్చున్నారు. జాగ్వార్‌లో ఉన్నంతసేపూ ఊరంతా నన్నే చూస్తోందని చెమటలు పట్టేయి. పోర్షాలో ఎవరూ చూడలేదు. కాలవగట్టు మలుపులో అది ఎంత ఒద్దికగా తిరిగిందో! నిన్న ఒక్కదాన్నే వంతెన దాటి ఓడలరేవు దాకా పోయి సముద్రం చూసి వచ్చేను. యాభై రెండేళ్లలో ఒక్కదాన్నే అంత దూరం పోవడం ఇదే మొదలు.

రేటు కనుక్కున్నావు, జనం చూపు అడిగేవు. నడిపితే ఎలా ఉంటుందని మాత్రం అడగలేదు. అడిగితే చెప్పేదాన్నేరా.

నీ అక్క, పోర్షా ఓనరు

తా.క.: నాన్న మనిద్దరికీ కలిపి ఒక సైకిలు కొన్నారు. అది ఉన్న ఆరేళ్లూ నువ్వే తొక్కేవు. ఆ బాకీ ఇవాళ్టితో చెల్లు.