శాంతికాముకురాలు

అన్నా,

నువ్వు సరిహద్దులో చనిపోయిన రోజని ఈసారి కూడా వేంపల్లెలో మన బడివాళ్లు నీ ఫొటోకు దండ వేశారు. టీవీల్లో మళ్లీ యుద్ధం మాటే నడుస్తోంది కాబట్టి జనం బాగా వచ్చారు. అమ్మ చేతికి మైకు ఇచ్చారు.

"యుద్ధం వద్దు నాయనా. నాకొచ్చిన కష్టం ఇంగొక తల్లికి రాగూడదు" అంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వేదిక మీది పెద్దమనిషి నవ్వి, "ఈయమ్మ శానా శాంతికాముకురాలప్పా!" అన్నాడు. అందరూ నవ్వారు.

మనం చదువుకునేటప్పుడు ఆ మాట ఒక బిరుదు. నువ్వు వ్యాసంలో రాస్తే తెలుగు అయ్యవారు తరగతికంతా చదివి వినిపించాడు. ఇప్పుడు పిరికివాళ్లను అలా పిలుస్తున్నారు.

ఇంటికి వస్తుంటే ఆటోలో అమ్మ అడిగింది. "ఆయప్ప అన్నదేంది పాపా, తిట్టా?"

నాకు విడమరిచి చెప్పే ఓపిక లేకపోయింది. "కాదుమ్మా, మెచ్చుకున్నాడు" అన్నాను.

"మెచ్చుకుంటే ఎందుకు నగిరి? తిట్టయినా పోనీలే. మల్లా పిలిస్తే మల్లా ఇదే చెప్తా."

వచ్చే ఏడు ఆమెకు మైకు ఇవ్వరు, అన్నా. ఆ సంగతి నేను చెప్పలేదు. ఆమె భుజం మీద తల ఆనించి కళ్లు మూసుకున్నాను.

నీ చెల్లెలు