వడియాల కాపలా

బీర్‌గావ్, మే 1996, ఆదివారం

రాజమండ్రి నుంచి దిగిన దగ్గర్నుంచీ అత్తగారికి వడియాల యావే. పొద్దున డాబా మీద పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టింది. కాకులు రాకుండా ఆరేళ్ల చిన్నిని కాపలా కూర్చోబెట్టింది. ఈ ఫ్యాక్టరీల ఊళ్లో బట్టలు ఆరేసినా మసి పడుతుందని నాకు తెలుసు. చెబితే ఊరుకుంటుందా!

మధ్యాహ్నం ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి తిరిగింది. వడియాలన్నీ నల్లబడ్డాయి.

"మట్టిచేతులతో కెలికావే, దరిద్రపుదానా!" అంటూ అత్తగారు చిన్ని చెయ్యి మెలిపెట్టింది. ఆ ఎండలోనే గోడ వైపు తిప్పి నిలబెట్టింది.

"కసమ్‌సే నానమ్మా, ఒట్టు, నేను ముట్టుకోలేదు! అమ్మా! అమ్మా!"

ఆయన పేపరు దించలేదు. నేను వంటింట్లో పోపు వేస్తూ ఉండిపోయాను. ఒక్కమాట అంటే ఆవిడ ఉన్నన్నాళ్లూ ఇంట్లో రోజూ కురుక్షేత్రమే.

సాయంత్రం వడియాలు పారబొయ్యడానికి డాబా ఎక్కాను. చిన్ని మా బుజ్జిగాణ్ణి, రెండేళ్లవాణ్ణి, అదే గోడకి నిలబెట్టి చెయ్యి మెలిపెడుతోంది. వాడు అమ్మా అని గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"చుప్! పిలుచుకో," అంటోంది చిన్ని. "అమ్మ రాదు."