మొదటి గాజు అమ్మ చేత్తో

పిక్టన్ రేవు, న్యూజిలాండ్

అక్కా,

అమ్మకి ఓడ ప్రయాణం బాగానే పడింది, కంగారుపడకు. కొండల మధ్యకి సముద్రం చొచ్చుకొచ్చిన ఊరిది. అందం సంగతి కార్డు వెనక బొమ్మలో చూసుకో, నాకు చోటు చాలదు.

పొద్దున రేవు పక్క కొట్లో అమ్మ మన నీరజ సీమంతానికని కర్ర గాజులు ఏరింది. కొట్లో ఆవిడ తొడుక్కుని చూపించబోతే గాజు బొటనవేలి దగ్గరే ఆగిపోయింది. అమ్మ ఆవిడ చెయ్యి అందుకుని, వేలు లోపలికి మడిచి, నొప్పి తెలియకుండా ఎక్కించేసింది. ఇద్దరూ ఒకటే నవ్వు. నాన్న పోయాక అమ్మ అలా నవ్వగా చూడలేదు.

బయటికి రాగానే, "ఇవి నువ్వు కొన్నావని చెప్పరా. నా చేత్తో ఇస్తే ఎవరైనా ఏమైనా అనుకుంటారు" అంది.

"ఎవరమ్మా అనుకునేది?"

"మళ్ళీ ఉపన్యాసం మొదలెట్టకు. పద, కాఫీ తాగుదాం."

ముప్పై ఏళ్ళు ఇలాంటి ఆచారాలు వద్దని సభల్లో అరిచినవాణ్ణి, నోరు మూసుకుని కాఫీ తాగాను. అందుకే నిన్ను అడుగుతున్నాను. మనిద్దరినీ పెంచిన చెయ్యి నీ కూతురికి గాజు తొడిగితే అశుభం ఎలా అవుతుంది? మీ వియ్యపురాలంటే నీకు జంకని తెలుసు. ఆవిడతో నేను మాట్లాడతాను, మర్యాదగానే. కానీ మొదటి గాజు తొడగమని అమ్మని పిలవాల్సింది నువ్వు. నేను పిలిస్తే నా వాదన కోసమనుకుంటుంది. శనివారం మేము మెల్‌బోర్న్‌లో ఓడ దిగగానే అమ్మకి ఫోన్ చెయ్యి.

బావగారి మోకాలు ఎలా ఉంది? అమ్మ బీపీ మాత్రలు పదో తేదీ దాకే ఉన్నాయి, మేము మీ ఇంటికి వచ్చేసరికి కానింగ్ వేల్‌లో మీ డాక్టరు దగ్గర టైము తీసుకో.

నీరజకి నా ఆశీస్సులు. అమ్మవి అమ్మే వచ్చి ఇవ్వాలి.

నీ తమ్ముడు,
వంశీధర్