సబ్బు పెట్టి ఉతికిన తొడుగు

29 జూన్, ఆదివారం

అల్లుడు గోవర్ధన్ కారుకు కొత్త పైపు పెట్టించిండు. కోల్డ్ ఎయిర్ ఇంటేక్ అంటరట. మహేష్ ఇంటికే వచ్చి బిగించిండు. మామిడిపల్లిల కార్ల షెడ్ వానిది. వాళ్ళ నాయిన, నేను మంఖాల్ ఊర్ల పక్క పక్క పొలాలోళ్ళం. నన్ను కాకా అంటడు.

ఇంజన్ చల్లగాలి పీలుస్తె బండి జోరుగ ఉరుకుతదని అల్లుడు చెప్పిండు. పైపు మూతి బంపర్ పక్కకు, కిందికి ఉంటది. అక్కడ ఫిల్టర్. వానకాలం కదా, నీళ్ళు చిందితె లోపటికి పోతయని మహేష్ దానికి నల్లగుడ్డ తొడుగు ఎక్కించిండు. సాక్సు లెక్కనే ఉన్నది. గాలి పోతది, నీళ్ళు పోవు, నిలిచిన నీళ్ళల్ల మాత్రం తోలకు అన్నా అన్నడు. ఇంకేందో కూడ చెప్పిండు, ఇద్దరు బోనెట్ కింద తలకాయలు పెట్టి. నాకు వినవడలె. అడిగితె అయిపోతుండె. అడగలె.

నేను బడంగ్‌పేట్ వచ్చి పదకొండు నెలలు. నా ఇంటామె శివమ్మ పోయినంక బిడ్డ సునీత వచ్చి తోలుకొచ్చింది. బిడ్డ ఇంట్ల తిని కూసునుడు నాకు చాత కాదు. అల్లుడు ఒక్క మాట అనడు. అంటె జర నయముండు.

6 జూలై, ఆదివారం

అల్లుడు ఎయిర్‌పోర్ట్ కార్గోల పని చేస్తడు. పొద్దుగాల డ్యూటీ దిగి వచ్చి, తొడుగు విప్పి గోడ మీద పెట్టి పండుకున్నడు. దాని నిండ బురద. ఎండి పెచ్చులు కట్టింది.

మందు కొట్టే పంపు జాలిని నేను ఎన్నడు గట్ల వదలలె. సబ్బు పెట్టి కడిగినంకనే అన్నానికి కూసుంటుంటి. తొడుగు తీస్కపోయి బకిట్ల వేసిన. మొండిది. నీళ్ళే పట్టకపోతుండె. పైకి తేలుతుండె. బట్టల సబ్బు రుద్దిన. ఇంకింత రుద్దిన. బండకేసి కొట్టిన. అప్పుడు తాగింది నీళ్ళు. పిండి తీగె మీద ఆరేసిన. ఆరినంక మల్ల గోడ మీదనే పెట్టిన.

సాయంత్రం అల్లుడు చూసి, కొత్త దాని లెక్కయిందే అనుకుంట ఎక్కించిండు. సునీత దులిపిందనుకున్నడో ఏమో. నేను లోపట కూసోని విన్న. మనసు నిండింది. చెప్పలె. మనది మనం చెప్పుకుంటె బాగుండదు.

7 జూలై

ఇయ్యాల అన్నం మల్ల పెట్టించుకున్న. రెండోసారి.

14 జూలై, సోమవారం. పగలు 3 గంటలు

వాన దంచుతున్నది. సునీతకు ఫోన్ వచ్చింది. శ్రీశైలం రోడ్ మీద కారు ఆగిందట. ముంగట లారీ పోతుండెనట. దాని టైర్ల నీళ్ళు వచ్చి బంపర్ కు కొట్టినయట. కారు రెండు సార్లు దగ్గి బంద్ వడ్డదట.

సాయంత్రం 6

కారును గుంజుకపోయి వర్క్‌షాప్ల పెట్టిండ్రు. ఇంజన్ల నీళ్ళు పోయినయట. మొత్తం విప్పాలెనట. అల్లుడు తడిసి ముద్దయి వచ్చిండు. నిలిచిన నీళ్ళల్లకు పోనే లేదు సునీతా, రోడ్ మీదనే ఉన్న అని నాలుగు సార్లు చెప్పిండు. టవల్ అందిచ్చిన. నువ్వు కూసో మామా, నీకెందుకు పరేషాన్ అన్నడు.

16 జూలై, బుధవారం

అల్లుడు ఫోన్ల మహేష్ ను తిట్టిండు. పదింటికల్లా మహేష్ వచ్చిండు. చెప్పులు గేటు బయటనే విడిచిండు. తొడుగు చూపియ్యి అన్నా అన్నడు. వర్క్‌షాపోళ్ళు విప్పి ఇచ్చింది సంచిల ఉండె. దాని మీద చెంబుతోని నీళ్ళు పోసిండు. చటుక్కున తాగింది. వాడు తెచ్చిన కొత్త దాని మీద పోసిండు. చేమాకు మీద పోసినట్టు ఉండలు ఉండలుగ జారిపోయినయ్.

అప్పుడు సమజైంది నాకు. ఆ దినం బకిట్ల మొండికేసింది మురికి గాదు. నీళ్ళు పట్టకపోవుడే దాని పని. ఆ పనిని నేను బండకేసి కొట్టి మాన్పిచ్చిన.

చూసినవా, నాకు నకిలీ అంటగట్టినవ్ అన్నడు అల్లుడు. రెండు ఒక్క డబ్బలయే అన్నా, దీన్నెవరన్న ఉతికిండ్రా, సబ్బు తాకితె మీది పూత పోతదని చెప్పిన కదా అన్నడు మహేష్. నేనెందుకు ఉతుకుత, తలకాయ లేదా నాకు అన్నడు అల్లుడు. సునీతను అడిగితె, మీ బట్టలు ఉతుకుడు చాలక కారు సాక్సులు గూడ ఉతుకుతనా అన్నది.

మహేష్ తొడుగును వేళ్ళతోని నిమిరిండు. ఒక్కసారి నా దిక్కు చూసిండు. కింద పెట్టి పోయిండు.

నేను తలుపు కాడనే నిలవడి ఉన్న. నన్ను ఎవ్వలు అడగలె. అడిగితె చెప్పేటోణ్ణా? తెల్వది.

17 జూలై

చెప్పలె.

18 జూలై, శుక్రవారం

కార్లోళ్ళ వాట్సప్ గ్రూప్ ఒకటి ఉన్నదట. మన దిక్కు కార్లున్నోళ్ళు రెండొందల పైన ఉన్నరట అండ్ల. అల్లుడు మహేష్ షెడ్ ఫోటో పెట్టి, ఈడ నకిలీ సామాను అమ్ముతున్నరు, ఎవ్వలు పోకుండ్రి అని రాసిండు. సునీతకు చదివి వినిపిచ్చిండు. నేను పేపర్ చదువుతున్నట్టు కూసున్న. ఒక్క పేజీ గూడ తిప్పలె.

20 జూలై, ఆదివారం

ఆటోల మామిడిపల్లి పోయిన. సునీతకు గుడికి అని చెప్పిన. అబద్ధం మీద అబద్ధం.

షెడ్ ఖాళీగున్నది. మహేష్ ఒక్కడే నట్లు విప్పే పానాలు తుడుస్తున్నడు. ఈ వారం రావల్సిన మూడు బండ్లు రాలేదట. ఒకాయన నెల కింద పెట్టించుకున్న తొడుగు విప్పుకొని వచ్చి టేబుల్ మీద పారేసి పోయిండట. వాని షటర్ మీద ఎవ్వలో బొగ్గుతోని నకిలీ అని రాసిండ్రు. తుడిచిండు గని కనవడ్తనే ఉన్నది.

నేను ఉతికిన అన్న.

మహేష్ నవ్విండు. బండకేసి కొట్టిన గుడ్డ నాకు తెల్వదా కాకా, పోగులు లేచి ఉన్నయ్, మా అమ్మ ఉతికిన అంగీలు తొడిగే పెరిగిన అన్నడు. మరి ఆ దినం ఎందుకు చెప్పలె అన్న. బిడ్డ ఇంట్ల ఉంటున్నవ్, అల్లుని ముంగట నీ తల దించుతనా, మా నాయిన ఉంటె నన్ను కొట్టేటోడు అన్నడు. నువ్వు గూడ చెప్పకు, గంత నీళ్ళు ఒక్కసారి కొడితె మంచి తొడుగున్నా ఆపుతదని కసమేసి చెప్పలేను అన్నడు. చాయ్ తెప్పిచ్చిండు.

తాగిన. ఆ చాయ్ తాగకుంటె బాగుండు.

22 జూలై

మంచి తొడుగున్నా ఆపుతదని కసమేసి చెప్పలేను. గా మాట పట్టుకొని రెండు దినాలు బతికిన. పొద్దుగాల లేస్తె గదే. పండుకుంటె గదే. ఆపకపోవచ్చు. ఆపుతుండెనేమో గూడ. వాని షటర్ మీద మాత్రం ఆ రాత ఉన్నది. నా మీద లేదు.

23 జూలై, బుధవారం

అల్లుడు అన్నానికి కూసున్నడు. నేను కూసోలె. నిలవడే చెప్పిన. ఉతికింది నేనే, మహేష్ తప్పు లేదు అన్న.

అల్లుడు ముద్ద పళ్ళెంల పెట్టిండు. సునీత బాపూ అన్నది.

వారం దినాలాయె మామా, ఆ దినం పక్కకే ఉంటివి కదా, ఒక్క మాట నోట్లకెల్లి రాలేదా అన్నడు. రాలేదు అన్న. ఇప్పుడు గ్రూప్ల నేనేమని పెట్టాలె, మా మామ సబ్బు పెట్టి ఉతికిండని పెడితె నవ్వరా, ఇజ్జత్ పోయేది నీది గాదా, నాది గాదా అన్నడు. ఊకె రాసింది తీసేస్త, గంతే అన్నడు.

తీసేస్తె సాలదు, చూసినోళ్ళు చూసిండ్రు అన్న. బిడ్డ పెళ్ళయినకాంచి అల్లునికి ఎదురు మాట్లాడుడు ఇదే మొదలు. నేనే చెప్త, నీ ఫోన్ ఇయ్యి అన్న.

అల్లుడు చెయ్యి కడుక్కున్నడు. పళ్ళెంల సగం అన్నం అట్లనే ఉన్నది.

24 జూలై, గురువారం. పొద్దుగాల 7

ఫోన్ అల్లుడే పట్టుకున్నడు. మైకు బొమ్మున్న గుండ్రంది ఒత్తి మాట్లాడుమన్నడు. మొదటిసారి గొంతే రాలె. రెండోసారి దగ్గు వచ్చింది. మూడోసారి అయింది.

నా పేరు కుర్మయ్య. గోవర్ధన్ మామను. కారు పైపు తొడుగును సబ్బు పెట్టి, బండకేసి ఉతికింది నేను. దాని పూత నా చేతుల పోయింది. మహేష్ ఇచ్చింది మంచి సామానే. వాడు దొంగ గాదు. నా నోరు లేవక వాని పేరు పోయింది. తప్పయింది.

ఇరవై ఆరు సెకన్లు.

సాయంత్రం

నూట ఎనభై మంది విన్నరట. నవ్వే బొమ్మలు చానా వచ్చినయట. ఒకరు చేతులు జోడిచ్చిన బొమ్మ పెట్టిండ్రట. మహేష్ ఏం పెట్టలె. అల్లుడు దాని కింద నేను గూడ తొందర పడ్డ, మాఫ్ చెయ్యి మహేష్ అని రాసిండు. నాకు చూపిచ్చి పోయిండు.

సునీత వచ్చి పక్కన కూసున్నది. ఉతుకుతె ఉతికినవ్ గని జర నన్ను అడగరాదా బాపూ అన్నది. ఏడ్చుకుంట నవ్వింది. నాకు మొకం ఎటు పెట్టుకోవాల్నో తెల్వలె.

3 ఆగస్ట్, ఆదివారం

హోటల్ల చక్కెర లేని చాయ్ ఒకటి అన్న. పక్క బల్ల మీది మనిషి ఇటు తిరిగిండు. ఎన్నడు చూడలె ఆయనను. గొంతు గుర్తువట్టిండు. సబ్బు తాతవు నువ్వేనా అన్నడు. అందరు చూసిండ్రు.

అవు, నేనే అన్న.

మహేష్ షెడ్ ఎటు అన్నడు. ఆయన కార్ల ముంగట సీట్ల కూసోని తొవ్వ చూపిచ్చిన.