మిరపకాయల ఆటకు కొట్టించిన పేరు

బళ్ళారి,
18-8-1993

శ్రీవారికి వరలక్ష్మమ్మ నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ, మన ఝాన్సీ కులాసా. మిరపకాయల కొనుగోళ్ళలో పడి గుంటూరులో మీరు వేళకు తింటున్నారో లేదో రాయండి.

కంప్యూటర్ సెంటర్లో పిల్ల లెక్కలు నేర్చుకుంటోందా అని అడిగారు. నేర్చుకుంది. దాంతోపాటు ఒక ఆట కూడా తయారు చేసింది. ఆటలు చేయడానికే ఒక ప్రోగ్రాం ఉందట. గడిగడికీ రంగు నింపి బొమ్మలు మనం గీయాలి, ఏది దేన్ని తాకితే ఏమవ్వాలో చెప్పాలి. కదిలించే పని అదే చూసుకుంటుంది. పైనుంచి మిరపకాయలు రాలుతుంటే కింద బుట్టతో పట్టాలి. రాయి పడితే ఆట ముగిసినట్టే.

క్లాసు అయిపోయాక కూడా మాస్టరు నెట్టికంటప్ప దాన్ని డబ్బులడక్కుండా కూర్చోబెట్టి నేర్పిస్తున్నాడంటే నాకు అనుమానం వచ్చింది. చింతపండు గింజలు తీసే పని వెంటబెట్టుకుని నేనూ వెళ్ళి మూల కూర్చున్నాను. ఆయన చూపు పిల్ల మీద లేదు, తెర మీదే ఉంది. అనుమానం ఇంకా పెరిగింది.

"ఈ ఆటను వర్తక సంఘం హాల్లో చూపిస్తామమ్మా, సెంటరుకు పేరొస్తాది" అన్నాడు.

"సెంటరుకా, పిల్లకా?"

"రెండూ ఒకటే గదమ్మా" అని నవ్వాడు.

ఇంటికొచ్చి ఝాన్సీని అడిగాను. "పక్కింటికి గిన్నెలు ఎరువిచ్చేకి ముందు అడుగున పేరు కొట్టిస్తాం గదా. నీ ఆటకు అట్ల కొట్టేకి కాదా?"

"మాస్టర్ని అనుమానిస్తాండావా అమ్మా?"

"గిన్నెలు తీస్కపోయేవాళ్ళంతా దొంగలా? అయినా కొట్టిస్తాం."

పిల్ల తన పేరును బొమ్మలా గీసి దాచింది. బుట్టను ఎడమ మూలకు ఆనించి వదిలేస్తేనే కనిపిస్తుంది.

ఆదివారం హాలు నిండింది. తెర మీద మొదటే 'తయారు చేసినవారు నెట్టికంటప్ప' అని పడింది. ఝాన్సీ తల వంచుకుంది. నేను లేచి, "అప్పా, బుట్టను ఎడమ మూలకు తోసి వదులు" అన్నాను. ఎందుకమ్మా అంటూనే తోశాడు. కాయలన్నీ ఆగిపోయి తెర నిండా మన పిల్ల పేరు పడింది.

ఇంతవరకూ రాసి అసలు సంగతి దాచాను. మర్నాడే ఝాన్సీని సెంటరుకు రావద్దన్నాడు. సర్టిఫికెట్ కూడా ఇవ్వడట. మీరు ఆ సర్టిఫికెట్ కోసమే చేర్పించారని నాకు తెలుసు. నిన్న మనిషిని పంపాడు, ఆ పేరు తీసేసి ఆట ఉన్న ఫ్లాపీ ఇస్తే సర్టిఫికెట్ ఇస్తానని. నేనేం చెప్పాలో ఆలోచిస్తుండగానే పిల్ల తలుపు దగ్గరికి పోయి, "తీసేది లేదని చెప్పప్పా" అంది.

నేను అడ్డు చెప్పలేదు. కోప్పడాలంటే నా మీద కోప్పడండి, దాన్నేమీ అనకండి.

ఇట్లు,
మీ భార్య
వరలక్ష్మమ్మ